పంచేటోడి వంతు కడాన

ఆయన పోయిన వార్త నాకు మనిషి నోటి నుంచి రాలేదు. మా పై వరసల సంఘం వాట్సాప్ గుంపులో, నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందన్న ప్రశ్నకూ, ఎవరో కారు అడ్డంగా పెట్టారన్న ఫిర్యాదుకూ మధ్య ఇరుక్కుని వచ్చింది. "కింది వరస నీరగంటి పోయాడంట. బాడీని మన రోడ్డు మీదుగా తీసుకుపోతామంటున్నారు. గేటు తీయాలా?" దాని కింద వరసగా దండం బొమ్మలు పడ్డాయి. ఇద్దరు గులాబీలు కూడా పెట్టారు. గేటు తీయాలో వద్దో మాత్రం ఒక్కరూ తేల్చలేదు.

నేను స్టవ్ ఆపి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. గేటుకు తాళం వేసే ఉంది. తాళంచెవి ఉన్న కార్యదర్శి బెంగళూరుకు పోయి ఉన్నాడు. రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదన్నారు. కడకు ఆయనను చుట్టుదారిన, పిక్కలు దిగిపోయే బురదలో మోసుకుపోయారు. ఆ బురద ఎవరి పుణ్యమో ముందుముందు చెబుతాను. ఇది స్మృతి వ్యాసం కదా, కోపం తగ్గించుకుని రాయమని మా ఆయన అన్నారు. తగ్గిన తర్వాత రాస్తే అది అబద్ధమవుతుంది.

బాగేపల్లి నుంచి చింతామణికి పోయే దారిలో, బస్సు సరిగ్గా రెండు నిమిషాలు కూడా ఆగని ఊరు మాది. ఊరి పేరు రాయను. పేరు రాస్తే పక్క ఊరివాళ్లు ఇది తమ సంగతి కాదనుకుంటారు.

నీరగంటి అంటే ఈ కాలపు పాఠకులు కొందరికి తెలియకపోవచ్చు. చెరువు తూము ఎత్తి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసే మనిషి. ఆయన వాళ్ల నాయన, తాత అందరూ అదే పని చేశారు. చెరువు నిండడం మానేశాక ఆయన తాగునీటి వాల్వులు తిప్పే పనికి మారాడు గానీ ఊరికి నీరగంటిగానే మిగిలాడు. చిన్నాపెద్దా అందరమూ నీరగంటి తాత అనేవాళ్లం. ఆయనకు ఇచ్చిన ఇంటి హక్కుపత్రంలో వేరే పేరు ఉంది. ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు కాదు.

చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే చోటును మా వైపు మరవ అంటారు. ఏళ్ల తరబడి చెరువు ఎండిపోయి ఉండడంతో మరవ కాలువ కూడా మామూలు పల్లమైపోయింది. ఖాళీ స్థలం కనిపిస్తే ప్రభుత్వానికి పేదలు గుర్తొస్తారు కదా, అక్కడ వాళ్లకు ఇళ్లు కట్టించారు. పునాదులు తీసేనాడే నీరగంటి తాత అడ్డం పోయి చెప్పాడట, ఇది నీళ్ల దారి, ఇక్కడ కట్టొద్దని. "చెరువు నిండేది నీ కలలోనే" అని నవ్వారట. నవ్వినవాళ్లలో ఎవరూ అక్కడ కాపురం ఉండలేదు. తాత కుటుంబం ఉండింది, వేరే చోటు లేక.

చెరువు నిండింది. ఆ ఏడు వానలు పట్టిన పట్టు విడవకుండా కురిసి, ఒకనాడు పొద్దున్నే మరవ పారింది. నీళ్లకు పాత దారి గుర్తుంది. దారిలో ఉన్న ఇళ్లను గోడలతో సహా తోసుకుంటూ పోయాయి. ప్రాణాలు దక్కాయంటే తాత పుణ్యమే. ముందురోజు సాయంత్రమే ఆయన ఇంటింటికీ తిరిగి, తిట్టి, బతిమాలి అందరినీ మా బడికి తోలుకొచ్చాడు.

నేను ఆ బడిలోనే టీచరుని. ఆయనను దగ్గరగా చూసింది అప్పుడే. నా నాలుగో తరగతి గదిలో తొమ్మిది కుటుంబాలు. బడి మొత్తానికి ఒక స్నానాల గది, ఒక కొళాయి. మొదటిరోజు బిందెలు బిందెలు తగిలి ఆడవాళ్లు జుట్లు పట్టుకున్నారు. తాత బయటికి పోయి కానుగ కొమ్మ ఒకటి విరుచుకొచ్చాడు. దాన్ని ఒక గది వాకిట్లో గుచ్చి, "కొమ్మ ఎవురి ముందర ఉంటే వాళ్లది వంతు. అయిపోయినంక మీరే పీకి పక్కోళ్ల ముందర గుచ్చల్ల. నేను చూసేకి రాను" అన్నాడు. చెరువు నీళ్లు పంచేటప్పుడు కూడా అంతేనట. ఎవరి మడికి నీళ్లు పారుతున్నాయో దాని గనిమ మీద, అంటే మడిగట్టు మీద, కొమ్మ ఉండేది. కొమ్మ ఉన్నంతసేపు ఎంత మొనగాడైనా ఆ కాలువలో కాలు పెట్టేవాడు కాదు.

ఆ తర్వాత బడిలో బిందెల గొడవ మళ్లీ వినలేదు. వాళ్లను రేకుల షెడ్లకు మార్చేదాకా మూడు నెలలు ఆ కొమ్మ తిరిగింది. ఎండిపోతే పిల్లలే కొత్తది తెచ్చి గుచ్చేవారు.

రాగి ముద్దలు, వాటిలోకి సారు పంచేదీ ఆయనే. అందరూ తిన్నాక, అడుగున మిగిలినదీ గిన్నెకు అంటుకున్నదీ గోకి ఆయన తినేవాడు. ఒకరోజు ముద్దలు చాలలేదు. నేను తెచ్చుకున్న డబ్బా ఇవ్వబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. "పంచేటోడి వంతు కడానమ్మా. ముందర తింటే చెయ్యి కుదించకపోతాది." కడుపు నిండినవాడి చెయ్యి పంచేటప్పుడు చిన్నదవుతుందని ఆయన లెక్క. ఆ మాట ఆరోజు నాకు ముచ్చటగా తోచింది. అదే మాట ఆయన మెడకు చుట్టుకుంటుందని అప్పుడు నాకేం తెలుసు.

వాన వెలిశాక ఇళ్ల ఆఫీసువాళ్లు వచ్చారు. బడి మైదానంలో షామియానా వేసి, తెర కట్టి, రంగురంగుల నక్షె చూపించారు. మునిగిన ఇళ్ల చోట, దాని పైనున్న గట్టు నేలను కూడా కలుపుకుని, కొత్త బడావణె, అంటే కాలనీ, వస్తుంది. ఇల్లు పోయినవాళ్లకు ఉచితంగా ఇళ్లు. వాటి మధ్యమధ్యనే మాలాంటి జీతగాళ్లకు, చిన్న వ్యాపారులకు డబ్బు తీసుకుని ఇళ్లు. ఆ డబ్బుతో రోడ్లు, కాలువలు, పార్కు. ఉన్నవాడూ లేనివాడూ పక్కపక్కన ఉంటారు, పిల్లలు కలిసి ఆడుకుంటారు. విన్నప్పుడు నా ఒళ్లు పులకరించింది. ఇప్పటికీ ఆ ఆలోచన తప్పని నేను అనను. చెడగొట్టింది మనుషులు. అందులో నేనూ ఒకతెను.

నీరగంటి తాత లేచి, "ఈ నక్షెలో మరవ యాడుండాది సారూ?" అని అడిగాడు.

బెంగళూరు నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు తెర వైపు చూశాడు. "ఏ మరవ?"

"మా ఇండ్లు తీసకపోయిన మరవ."

జనం నవ్వారు. తాత నవ్వలేదు. నా దగ్గర సుద్దముక్క అడిగి తీసుకుని, వరండా గచ్చు మీద చెరువు గీశాడు, కట్ట గీశాడు, మరవ గీశాడు, గట్టు నేల ఎక్కడ మొదలయ్యేదీ పల్లం ఎక్కడ ముగిసేదీ గీశాడు. తెర మీది నక్షె కంటే అది బాగా అర్థమైంది. "ఎత్తున కొన్ని ఇండ్లు, పల్లాన కొన్ని ఇండ్లు వస్తాండాయి. తప్పదు. అయితే ఒగ మాట. దామాషా పెట్టండి" అన్నాడు.

దామాషా అంటే కుర్ర ఇంజనీరుకు తెలియదు. పెద్దాఫీసరు రైతుబిడ్డ, ఆయనకు తెలుసు. చెరువు సగమే నిండిన ఏడు, తూము దగ్గరి మడులవాళ్లే నీళ్లన్నీ తాగేయకుండా మా పల్లెల్లో ఒక కట్టుబాటు ఉండేది. నీళ్లు ఎంతవరకు పారతాయో అంతమేర నేలను, అది ఎవరిదైనా సరే, ఆ ఒక్క కారు పంటకు అందరికీ పీలికలుగా పంచేవాళ్లు. కడగొట్టు మడివాడు కూడా తూము పక్కన తన పీలిక దున్నుకునేవాడు. నష్టమూ అందరిదే, గింజా అందరిదే.

మా తాత మడి సరిగ్గా తూము కిందే ఉండేది. ఆయన గర్విష్ఠి. నీరగంటిని మా గడప లోపలికి ఎన్నడూ రానివ్వలేదు. ఆయన రాలేదని కాదు, మేము రానివ్వలేదని రాయడమే నిజం. అంతటి మనిషీ దామాషా ఏడు మాత్రం నీరగంటి తాడు పట్టి కొలిచి గీత గీస్తే, పళ్లు కొరుక్కుంటూనే తన మడిలో పదిమందిని దున్ననిచ్చాడు. చదువుకోనివాడు. పంక్తిభేదం పాటించినవాడు. ఆయనకున్నపాటి సిగ్గు కూడా డిగ్రీలున్న మాకు లేకపోయింది.

పెద్దాఫీసరు నీరగంటి తాత మాట విని "ఒళ్లె మాతు" అని కన్నడంలో మెచ్చుకుని, అందరి పేర్లూ ఒకే డబ్బాలో వేసి చీటీలు తీస్తామని, డబ్బు కట్టినవాడికైనా కట్టనివాడికైనా చీటీలో వచ్చిందే ఇల్లని రాసుకున్నాడు. రాసుకోవడం నా కళ్లతో చూశాను.

ఆయనకు బదిలీ అయింది. మంచి ఆఫీసరుకూ ఎండాకాలపు మబ్బుకూ నిలకడ ఉండదు.

చీటీలు తీసేనాటికి ఇళ్లు లేచాయి, సున్నాలు పడ్డాయి. నేనూ మా ఆయనా అప్పు చేసి అర్జీ పెట్టుకున్నాం. షామియానా కింద ఒక డబ్బా కాదు, రెండు ఉన్నాయి. ఒకటి బల్ల మీద, పూలదండ వేసి, పై వరసల చీటీలతో, కొనుక్కున్నవాళ్లకు. రెండోది నేల మీద, ప్లాస్టిక్ బకెట్టు, పల్లపు వరసల చీటీలతో, ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లకు. పూలదండ కూడా చాలలేదు కాబోలు.

"రెండు డబ్బాలేంది సారూ?" అన్నాడు తాత.

కొత్త ఆఫీసరు విసుక్కోలేదు. ఎంతో మర్యాదగా చెప్పాడు. "డబ్బు కట్టేవాళ్లు పల్లంలో కొంటారా తాతా? వాళ్లు కొనకపోతే మీకు ఊరికే ఇల్లెక్కడి నుంచి వస్తుంది? నీ మాట ఫైలులో ఉంది. అది సలహా."

నేను అప్పుడు పూలదండ డబ్బా వరసలో నిలబడి ఉన్నాను. తాత ఒకసారి నా వైపు చూశాడు. సుద్దముక్క ఇచ్చింది నేనే కదా. ఆ రాసుకున్న మాటకు సాక్షిని నేనే కదా. నోరు తెరిస్తే నా చీటీకి ఏమవుతుందోనని భయపడి, చేతిసంచీలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. పాఠకులు నన్ను ఏమనుకున్నా సరే, ఈ ఒక్క వాక్యం రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

ఆయన వెనకున్న ఆడవాళ్లు కూడా ఆయన్నే బతిమాలారు. "తాతా, రేకుల షెడ్డులో ఇంగో ఎండాకాలం బతకల్యాము. పిల్లోళ్లు ఉడికిపోతాండారు. యాదో ఒగటి తీసుకోనీ." ఆయన పక్కకు జరిగాడు.

అప్పుడు ఆఫీసరు ఆయనను గౌరవించాలనుకున్నాడు. శాలువా తెప్పించి, ఫొటో తీసేవాణ్ణి పిలిచి, "ఊరి పెద్దవు, మొదటి చీటీ నువ్వే తియ్యి" అన్నాడు. తాత చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "అందురూ తీసుకోనీ సారూ. పంచేటోడి వంతు కడాన."

అక్కడ ఆయన పంచుతున్నది ఏమీ లేదు. అయినా దామాషా మాట ఎత్తింది తాను కనుక, అలవాటు ఆయనను వరస చివర నిలబెట్టింది. అందరి చేతులూ పోయొచ్చిన బకెట్టులో ఆఖరి చీటీ ఆయనది. పల్లంలో ఆఖరి వరసలో ఆఖరి ఇల్లు. దాని పక్కన మరవ కాలువ తప్ప మరేమీ లేదు. చీటీ పట్టుకుని ఆయన మొహమాటంగా నవ్వుతుండగా ఫొటో తీశారు. కొన్నాళ్లకు ఆఫీసువాళ్లు అచ్చేసిన పుస్తకంలో ఆ ఫొటో కింద ఏం రాశారో తెలుసా? ఊరి పెద్ద తనంతట తానే పల్లపు ఇంటిని కోరి ఎంచుకున్నాడట! ఆ తర్వాత కింది వరసలవాళ్లు ఎవరు అర్జీ పట్టుకుపోయినా ఆ పుస్తకం తెరిచి చూపించేవారు. మీ పెద్దకు లేని బాధ మీకేమిటని. ఒక మనిషి మర్యాదను పట్టుకుపోయి అతని వేలిముద్రగా వాడుకున్నారు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

చాలా రోజులకు ధైర్యం చేసి అడిగాను, ముందే తీసి ఉండవచ్చు కదా తాతా అని.

"ముందర చెయ్యి పెట్టుంటే ఆ బకెట్టు సరైందేనని నేను ఒప్పుకున్నెట్ల కదమ్మా అనుకుంటి. కడాన పెట్టినా అట్లే అయిపాయె." "నీళ్లకు మొగమాటం ల్యాదు. మనిసికే ఉండేది. దాంతోనే చెడిపోతాం" అన్నాడు. ఆ మాట తనకోసం అన్నాడో నాకోసం అన్నాడో అడగలేదు. నాకు తెలుసు.

కొత్త బడావణెలో కూడా వాల్వులు తిప్పే పని ఆయనదే. పొద్దున్నే ఇనపకడ్డీ పట్టుకుని వచ్చేవాడు. ఒక కొస పైపు మీద పెట్టి, రెండో కొసకు చెవి ఆనించి, కళ్లు మూసుకునేవాడు. "వస్తాండాయి. ఇంగ పది నిమిసాలు" అనేవాడు. సరిగ్గా పది నిమిషాలకు కొళాయి దగ్గేది. పై వరసల్లో ఎంతో చదువుకున్న ఒకాయన గడియారం పెట్టి పరీక్షించి ఓడిపోయాడు. పోతూపోతూ మురికికాలువల్లో ఆకులు, కవర్లు కడ్డీతో లాగి పడేసేవాడు. అది ఆయన పని కాదు. మా వాకిట్లో కొళాయి కారుతుంటే, "నీ కొళాయి ఏడుస్తాందమ్మా, ఏమంటివి దాన్ని?" అని ఆటపట్టించేవాడు.

నేను కాఫీ ఇస్తే మెట్టు మీద కూర్చుని తాగేవాడు. తాగి, గ్లాసు కడిగి, మెట్టు మీద బోర్లించి పోయేవాడు. కడగొద్దని ఎన్నిసార్లు చెప్పానో. ఒకరోజు గ్లాసు లాక్కోబోతే గట్టిగా పట్టుకుని నవ్వాడు. "మీ తాత ఇంటి అలవాటమ్మా. నువ్వు మానుకోమన్నా చెయ్యి మానుకోల్యాదు." ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఇక గోడ సంగతి. పై వరసల్లో కాపురాలు కుదుటపడ్డాక ఒక సంఘం పెట్టుకున్నాం. మొదటి తీర్మానం భద్రత. కింది పిల్లలు పార్కులోకి వస్తున్నారు, కోళ్లు వస్తున్నాయి, మేకలు కుండీలు మేస్తున్నాయి. అందరూ కలిసి ఉండే బడావణె అని బోర్డు దారి మొదట్లో అలాగే ఉంది. ఆ బోర్డు కిందే లారీ నిలిపి ఇటుకలు దింపారు. మా ఇళ్ల వెనక పెరళ్ల వెంబడి, ఈ కొస నుంచి ఆ కొసకు గోడ, మధ్యలో ఒక గేటు, దానికి తాళం. ఒప్పుకోలు కాగితం మీద మా ఆయన సంతకం చేశారు. అందరూ చేశారు కదా అన్నారు. నేనూ గట్టిగా వద్దనలేదు.

గోడ లేస్తుండగా తాత సంఘం అధ్యక్షుడి ఇంటికి పోయాడు. నేను అక్కడే ఉన్నాను. గోడ వద్దని ఆయన అడగలేదు. "కట్టుకోండి సారూ. అయితే ఒగో ఇంటి ఎనకాల ఒగో చిన్న తూము ఇడిసిపెట్టండి. పైన కురిసిన నీళ్లు కిందికి పోవల్ల కదా. ఇన్ని దావల్లో ఇంతింత పోతే ఎవురికీ బాధ ల్యాదు. అన్నీ ఒగ తావే పోతే ఆడ మనిసి నిలబడల్యాడు."

"తూములు పెడితే పాములొస్తాయి" అన్నాడు అధ్యక్షుడు.

"పాముకు గేటు తాళం చెవి కూడా ఇచ్చినారా సారూ?" అన్నాడు తాత. నేను నవ్వాను. అధ్యక్షుడు నవ్వలేదు.

ఆలోచించండి. నీళ్లు చాలనప్పుడు ఎలా పంచుకోవాలో చెప్పిన దామాషానే, నీళ్లు ఎక్కువైనప్పుడు కూడా వాడమన్నాడు ఆ మనిషి. రెండుసార్లూ ఆయన అడిగింది ఒక్కటే, భారం అందరి మీదా కొంచెం కొంచెం పడాలని. రెండుసార్లూ మేము చేసింది ఒక్కటే. తూములు పెట్టలేదు. గోడ ఆ కొసన ఒకే ఒక్క పెద్ద పైపు పెట్టారు. మా కప్పుల మీద, మా సిమెంటు రోడ్ల మీద, మా పార్కు మీద కురిసిన ప్రతి చుక్కా ఆ పైపులోంచి దూకుతుంది. దూకేది సరిగ్గా ఆఖరి వరస ఆఖరి ఇంటి మీదికి.

ఈ ఏడు వాన మూడు రోజులు వదలకుండా పట్టింది. మిద్దె మీదికి పోయి చూస్తే, తాత తల మీద గోనెసంచి కొప్పెర వేసుకుని, తొడల లోతు నీళ్లలో పారతో కాలువ తీస్తున్నాడు, పైపు నీళ్లను తన ఇంటి గోడకు తగలకుండా మరవ వైపుకు మళ్లించాలని. తీసిన కాలువ తీసినట్టే పూడిపోతోంది.

"తాతా, ఇంట్లోకి పో! జ్వరమొస్తుంది" అని అరిచాను.

ఆయన తల ఎత్తి, చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని నన్ను పోల్చుకున్నాడు. "ఇంట్లేకి పోతే ఇల్లు యాడుంటాదమ్మా?"

ఇల్లు నిలబడింది. ఆయన పడుకున్నాడు. జ్వరం ఊపిరితిత్తులకు దిగిందని ఆసుపత్రిలో చెప్పారు. నేను చూడబోయినప్పుడు, "పైన కొళాయిలు సరిగ్గా వస్తాండాయా?" అని అడిగాడు. ఆయన నాతో మాట్లాడిన చివరి మాట అదే. మీరు నన్ను తిట్టదలిస్తే ఇక్కడ తిట్టండి.

పదకొండోనాడు ఆయన భార్య దగ్గరికి పోయాను. అవ్వ గడపలో కూర్చుని ఉంది. గోడల మీద నీళ్లు నిలిచిన చార నడుము ఎత్తున ఉంది. గౌరిబిదనూరులో ఉన్న కూతురు వచ్చెయ్యమంటోందట. "యాడికి పోదునమ్మా? ఆయప్ప నిలబెట్టిన ఇల్లు" అంది. తలుపు మూలన పార కడిగి ఆనించి ఉంది. దాన్ని చూపిస్తూ, "ఇంగా వానాకాలం పోల్యాదు. మళ్లా వస్తే ఎవురెత్తల్ల ఆ పార? నా చేతిలో అయితాదా?" అంది. ఆమె ఏడవలేదు. నిజంగా జవాబు కావాలని అడిగింది.

ఆ ఆదివారం సంఘం సంతాపసభ పెట్టింది. బిస్కెట్లు, టీ. తాత నిస్వార్థ సేవ గురించి, ఆయన మాకు నీళ్లు ఎంత బాగా వదిలేవాడో దాని గురించి నలుగురు మాట్లాడారు. అధ్యక్షుడు ఒక ప్రతిపాదన తెచ్చాడు. ఆయన జ్ఞాపకార్థం శిలాఫలకం వేయించాలి. ఎక్కడ? గోడ మీద. గేటు పక్కన.

నేను లేచాను. ఏళ్ల కిందట షామియానా కింద లేవవలసినదాన్ని, ఇప్పుడు లేచాను. "ఫలకం తర్వాత వేయించుకుందురు గానీ, ముందు ఆయన అడిగిన తూములు పెట్టండి. పైపు నీళ్లు ఆ ముసలామె నెత్తిన పడుతున్నాయి" అన్నాను. గోడ ఉమ్మడి ఆస్తి అన్నారు. ఇంజనీరు అభిప్రాయం తీసుకోవాలన్నారు. వానాకాలం పోయాక చూద్దామన్నారు. చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులు ఇప్పటినుంచే ఏరి పెట్టుకుంటున్నారన్న మాట. ఫలకం మీద అక్షరాలు బంగారు రంగా నలుపా అన్నదాని మీద మాత్రం చాలాసేపు చర్చ జరిగింది.

ఇంటికి వచ్చి గడ్డపార తీసుకుని పెరట్లోకి పోయాను. మా వెనక గోడ, బట్టలుతికే బండ పక్కన, కింది వరస ఇటుకల దగ్గర మొదలుపెట్టాను. నాకు చేతకాదు. మొదటి ఇటుక ఊడేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. మా ఆయన వచ్చి నిలబడి చూశారు. సంతకం చేసిన మనిషి. కాసేపయ్యాక బండ పక్కకు జరిపి, నా చేతిలోంచి గడ్డపార తీసుకున్నారు. జానెడు ఎత్తు, రెండు జానల వెడల్పు తూము, సాయంత్రానికి.

మర్నాడే సంఘం నోటీసు వచ్చింది. ఉమ్మడి గోడకు నష్టం కలిగించినందుకు రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమని. ఇదిగో, ఇదే నా సంజాయిషీ.

నాలుగో రోజు మధ్యాహ్నం బడి నుంచి వస్తుండగా వాన మొదలైంది. పెరట్లోకి పోయి చూస్తే, నీళ్లు ఒక క్షణం గోడ దగ్గర తారాడి, తూములోంచి అవతలికి జారాయి. అవతల ఏమవుతోందో చూడాలని గొడుగు వేసుకుని చుట్టూ తిరిగి కింది వైపుకు పోయాను. కొసన పైపు ఇంకా దూకుతూనే ఉంది. నా ఒక్క తూముకు దాని బలం ఏం తగ్గుతుంది? కొంచెం తగ్గిందేమో, నా ఆశ కొద్దీ అలా అనిపించిందేమో.

మా తూము బయట, నీళ్లు పడుతున్న చోట, మట్టిలో ఒక కానుగ కొమ్మ గుచ్చి ఉంది. లేత ఆకులు, అప్పుడే విరిచినది. అవ్వ కొంగు తల మీద వేసుకుని పక్కనే నిలబడి ఉంది. చేతిలో తాత ఇనపకడ్డీ.

నన్ను చూసి, వంగి కొమ్మను పీకింది. నాలుగడుగులు నడిచి, మా పక్కింటి గోడ కింద గుచ్చింది. అక్కడ తూము లేదు. కడ్డీ కొసను ఇటుకలకు ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి కళ్లు మూసుకుంది.

"ఈడనే ఉండాయమ్మా నీళ్లు" అంది. "దావ కోసరం చూస్తాండాయి."